గట్టివి ఒక సీసాలో, మెత్తవి ఒక సీసాలో

నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా ఆ సీసాను ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను. సంచిలో పెడితే ఎవరన్నా కాలు తగిలించి పగలగొడతారని ఒక భయం, ఎవరన్నా మార్చేస్తారని ఇంకో భయం. బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె అందులో ఏముందని రెండుసార్లు అడిగింది. పచ్చడి అని చెప్పాను. పచ్చడికి ఆ ఘాటేమిటని ముక్కు మూసుకుని కిటికీ వైపు తిరిగింది. నా మాట నమ్మలేదని తెలుసు. నమ్మకపోతే ఇంకా మంచిది, ముట్టుకోదు.

ఆ సీసాలో ఉన్నది మా ఇంటాయన ఒంటిలోంచి తీసిన కండ. ఆయన నా ముందు సీట్లో, దిండు మీద ఒకవైపుకు ఒరిగి కూర్చుని ఉన్నాడు.

నేను మనుషులను తొందరగా నమ్మే దాన్ని కాను. కొట్లో పప్పు కొంటే ఇంటికి వచ్చి మా తక్కెడలో మళ్ళీ తూచేదాన్ని. పాలు పోసే ఆమె చెంబు వంచేటప్పుడు ఆమె చేతిని చూసేదాన్ని, పాలను కాదు. మిషన్ బడిలో మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది. తెలుగు చదువుతాను, ఇలా రాస్తాను. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాను గానీ కలిపితే అర్థం కాదు. ఒక కాగితంలో సగం తెలిసి సగం తెలియకపోతే ఆ తెలియని సగంలోనే నన్ను ముంచేది ఏదో ఉందని నాకు అనిపిస్తుంది. ఇప్పటికీ అంతే.

మాది ఉదయగిరి. ఆయన పని కొయ్య గరిటెలు, స్పూన్లు చెక్కడం. పెళ్ళికి ముందే పక్కవీధి సాయిబు ఒకాయన దగ్గర నేర్చుకున్నాడు. ఆ ముసలాయన పని కన్నా ముందు ఏరడం నేర్పాడట. కొండ మీద నుంచి కొయ్య దిగగానే మా ఆయన చెక్కే బాడిస ముట్టుకోడు. ఒక్కొక్క ముక్కనూ తీసుకుని బొటనవేలి గోరుతో నొక్కుతాడు. గోరు దిగితే మెత్తది, దిగకపోతే గట్టిది. మెత్తవి గరిటెలకు ఒక గంప, గట్టివి ముళ్ళ స్పూన్లకు ఇంకో గంప. రెండు రకాలు ఒకే గంపలో ఒక్క పూట ఉన్నా ఆయనకు మనసు ఒప్పదు. అన్నంలో రాయి వచ్చినా ఊరుకునే మనిషి, గంపలో ఒక్క ముక్క తేడాగా ఉంటే మాత్రం ఇల్లంతా వినపడేలా సణుగుతాడు.

తొంభైలు సగానికి వచ్చిన రోజుల్లో ఆయనకు మూత్రం ఆగిపోయింది. అంతకు ముందు రెండేళ్ళుగా సన్నగా, ఆగి ఆగి వస్తోందట. నాకు చెప్పలేదు. పని మధ్యలో మాటిమాటికీ లేచిపోతుంటే బీడీ కోసం పోతున్నాడని నేను అనుమానపడి, పెరట్లో గోడ పక్క బీడీ ముక్కలు కూడా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. బాగా దాస్తున్నాడు అనుకున్నాను.

నెల్లూరులో ఒక పెద్ద డాక్టరు చూశాడు. మూత్రపు సంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుందని, అది వాచి దారికి అడ్డం పడిందని చెప్పాడు. కడుపు కోయకుండానే లోపలికి గొట్టం పంపి, అడ్డుగా ఉన్నదాన్ని చిన్న చిన్న పెచ్చులుగా గీకి తీశారు. ఆరోజు సాయంత్రం కాంపౌండరు ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నీళ్ళలాంటి మందులో తెల్లటి, పసుపుపచ్చటి పెచ్చులు తేలుతున్నాయి. ఆయన కూర్చునే చోట నేను రోజూ ఊడ్చే చెక్క పెచ్చుల మాదిరిగానే ఉన్నాయి. ఇది పరీక్షకు పంపాలి, ఫలానా వీధిలో ఫలానా ల్యాబుకే ఇవ్వాలి, వేరే చోట ఇస్తే మా డాక్టరు ఒప్పుకోడు అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు అనుమానం పట్టుకుంది. అక్కడికే ఎందుకు ఇవ్వాలి? ఊళ్ళో ఇంకో ల్యాబు లేదా? కాంపౌండరు మరునాడు మళ్ళీ అడిగాడు, ఇచ్చారా అని. ఆ తరువాత రోజూ అడిగాడు. అంతగా ఎవరన్నా అడిగితే దానిలో వాళ్ళకు ఏదో ఉందన్నమాటే. డిశ్చార్జి అయ్యే రోజు ఇచ్చేశానని అబద్ధం చెప్పి, సీసా చీరకొంగులో కప్పుకుని బస్సెక్కాను.

ఆత్మకూరులో మా కూతురు ఉంటుంది. పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం. అల్లుడు అక్కడి డిపోలో డ్రైవరు. పది రోజులు ఆయన్ను అక్కడే ఉంచి పోదామని ముందే అనుకున్నాం. సీసా చూడగానే కూతురు అదిరిపోయింది. చెప్పిన చోట ఇవ్వకుండా ఎందుకు తెచ్చావంది. నా ఆలోచన చెప్పాను. ఆ నెల్లూరు ల్యాబుకు సగం పంపుదాం, మద్రాసులో మనకు సంబంధం లేని ల్యాబుకు సగం పంపుదాం. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పొద్దు. రెండు కాగితాలూ ఒకే మాట చెబితే నమ్ముతాను.

కూతురు చాలాసేపు వాదించింది. చివరికి ఆయనే, వసారాలో మంచం మీద పడుకున్నవాడు, ఆ సీసా ఇటు తెమ్మన్నాడు.

ఒక స్టీలు పళ్ళెంలో పోశాం. కళ్ళు మండాయి. సగానికి చీలుద్దామని నేను చెయ్యి పెట్టబోతే ఆయన ఊరుకోలేదు.

"ఏమే, గంపలోది గంపలో అట్నే కుమ్మరిస్తావా? ఏరొద్దా?"

అగ్గిపుల్లతో ఒక్కో పెచ్చును పక్కకు జరిపి గోరుతో నొక్కాడు. అది తన ఒంటిదే అన్న సంగతి మరిచినట్టే ఉన్నాడు. ఇది మెత్తన. ఇది మెత్తన. ఇది చూడు, ఇది గట్టిది, పచ్చగా కూడా ఉండాది. పావుగంటలో పళ్ళెంలో రెండు కుప్పలు తేలాయి. పెద్ద కుప్ప మెత్తవి, తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. చిన్న కుప్ప గట్టివి, పచ్చవి. కూతురు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. చదువుకున్నది, దానికీ అందులో తప్పు తోచలేదు.

ఏ కుప్ప ఎవరికి అన్నది నేను నిర్ణయించాను. బియ్యం ఏరేటప్పుడు నూకలు కోళ్ళకూ మంచి గింజ ఇంట్లోకీ తీసినట్టే తీశాను. నాకు నమ్మకం లేని నెల్లూరు ల్యాబుకు ఆ పచ్చటి చెత్త చాలనుకున్నాను. నేను ఎంచుకున్న మద్రాసు ల్యాబుకు శుభ్రంగా ఉన్నవి పంపాను. దగ్గు మందు సీసా ఒకటి వేడినీళ్ళతో కడిగి, మందు కూడా సగం సగం పోశాను. అల్లుడు నెల్లూరు బస్సులో పోతూ ఒకటి ఇచ్చాడు. మద్రాసు పోయే ఇంకో డ్రైవరు రెండోది తీసుకుపోయాడు.

అన్నీ మళ్ళీ తూచే నేను ఆ రోజు తక్కెడ జోలికి పోలేదు.

రెండు వారాలకు మద్రాసు కాగితం ముందు వచ్చింది. కూతురు చదివి చెప్పింది. వాపు ఉంది, తెల్ల కణాలు గుంపులు గుంపులుగా చేరి ఉన్నాయి, క్యాన్సరు కనపడలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. నాలుగు రోజులకు నెల్లూరు కాగితం వచ్చింది. దానిలో కూడా తెల్ల కణాలున్నాయి. కానీ వాటి మధ్యలో క్యాన్సరు ఉందని రాశారు. పెద్ద డాక్టరును వెంటనే కలవాలని, ఇంకో ఆపరేషన్ అవసరం పడవచ్చని కింద చేత్తో రాసి ఉంది.

కూతురు మొహం పాలిపోయింది. నాకైతే గెలిచినట్టు అనిపించింది. చూశావా, నేను అన్నదే అయింది, ఇంకో ఆపరేషన్ కోసం రాయించుకున్నారు అన్నాను. ఇద్దరికీ పోయింది ఒకటే సీసాలోది. ఒకరు లేదంటారు, ఇంకొకరు ఉందంటారు. ఇంకో ఆపరేషన్ వల్ల లాభం ఎవరికి? లాభం ఉన్నవాడి మాటే అబద్ధం. కూతురు ఇంకొకరికి చూపిద్దామంది. చూపిస్తే వాడు ఇంకొకడి దగ్గరకు పంపుతాడు అన్నాను. నాన్నకు చెబుతానంది. చెప్పావంటే నీ గడప తొక్కనన్నాను. అన్నంత పనీ చేసే మనిషినని దానికి తెలుసు. ఊరుకుంది.

నెల్లూరు కాగితం మడిచి, ఉదయగిరిలో మా ట్రంకు పెట్టెలో, పాత బైబిలు అట్టకూ గుడ్డ తొడుగుకూ మధ్య దూర్చాను. ఆయనకు మద్రాసు కాగితం ఒక్కటే చూపించాను. రెండోది ఏమైందని ఆయన ఒకసారి అడిగాడు. అదీ ఇదే మాట చెప్పింది అన్నాను.

ఆ తెల్ల కణాల మాట నా మనసులో ఉండిపోయింది. మందుల షాపు ఆయన్ను అడిగాను. అవి ఒంటికి కాపలా, జబ్బు ఎక్కడ వస్తే అక్కడికి పరుగెత్తి పోతాయి, ఎన్ని ఉంటే అంత మంచిది అన్నాడు. నాకు ఎంతో ధైర్యం వచ్చింది. రెండు కాగితాల్లోనూ అవి ఉన్నాయి కదా. ఒక వేళ నెల్లూరు కాగితంలో పిసరంత నిజం ఉన్నా, అంత గుంపు చుట్టూ కూర్చుని ఉంటే జబ్బు ఎక్కడికి పోతుంది? ఇక ఆ గుంపును ఇంకా పెంచుదామని పూనుకున్నాను. మునగాకు, రోజూ ఒక గుడ్డు, వారానికి ఒకసారి మేక కాళ్ళ చారు. నా చేతితో నేను అంత ఖర్చు పెట్టడం చూసి ఆయనకే అనుమానం వచ్చింది.

"ఏందే, నేను పోతున్నానా ఏంది, ఇట్ట మేపతా ఉండావు?"

నవ్వాడు. నేను నవ్వలేదు. గిన్నె తీసుకుని లోపలికి పోయాను.

అట్లా అయిదు నెలలు గడిచాయి. మూత్రం బాగానే వచ్చేది. నా మాటే నిజమని రోజూ లోపల అనుకునేదాన్ని. తరువాత ఆయనకు నడుము నొప్పి మొదలయింది. వంగి చెక్కే పని కదా, నడుము నొప్పి ఎవరికి రాదు? కొండ మీదికి పోవడం మానేశాడు. కొయ్య ఇంకొకరితో తెప్పించుకున్నాడు. బద్ధకం అనుకున్నాను. గుడ్లూ చారూ తిని మెత్తబడ్డాడని మొహం మీదే అన్నాను.  ఒకరోజు పొద్దున్నే బాడిస ఎత్తినవాడు దించలేక అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. నేను పోయి చేతిలోంచి తీసుకున్నాను. దానికి బరువు ఎంత ఉంటుందని! నేను పొయ్యి కట్టెలు కొట్టుకునే కత్తి దానికన్నా బరువు.

కూతురికి కబురు పోయింది. అల్లుడు బస్సులో ముందు సీటు పట్టి ఆత్మకూరు తీసుకుపోయాడు. అక్కడి సర్కారు ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఉండేది. చిన్న వయసు. మాకు కొత్త మనిషి. ఆమె ఏ ల్యాబు పేరూ చెప్పలేదు, ఏ షాపులో మందు కొనాలో చెప్పలేదు. అయినా నేను ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. పాత కాగితాలు అడిగింది. మద్రాసు కాగితమూ, నెల్లూరు ఆసుపత్రి డిశ్చార్జి చీటీ మాత్రమే ఇచ్చాను.

ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, ఆపరేషన్‌లో తీసింది పద్నాలుగు గ్రాములని ఇక్కడ ఉంది. మద్రాసుకు చేరింది తొమ్మిది అని ఇక్కడ ఉంది. మిగతా అయిదు ఎక్కడ?"

నేను జీవితమంతా కొట్లవాళ్ళను అడిగిన ప్రశ్న అది. ఆ అంకెలు ఇంగ్లీషు కాదు, అంకెలే. అవి నాకు చదవడం వచ్చు. ఎనిమిది నెలలు ఆ కాగితం నా ఇంట్లోనే ఉంది. క్యాన్సరు కనపడలేదన్న మాట దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి, పైన ఉన్న తూకం చూడలేదు.

 కూతురు తన సంచి తెరిచింది. నెల్లూరు కాగితానికి అది అప్పుడే నకలు తీయించి పెట్టుకుందట. నాకు తెలియకుండా. నా కడుపున పుట్టింది మరి. తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద అయిదు గ్రాములని ఉంది.

డాక్టరు అది చదివి, మొహం ఎత్తి, ఎట్లా పంచారని అడిగింది. ఈసారి ఆయనే జవాబు చెప్పాడు, తన పనిలో ఎవరూ తప్పు పట్టలేరన్న మనిషి గొంతుతో. నేనే ఏరినాను, గట్టివి ఒక సీసాలో, మెత్తవి ఒక సీసాలో. మా పనిలో అట్నే చేస్తాము.

ఆమె కలం కింద పెట్టింది. తరువాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి పంపిన దానిలో ఏముందో వాళ్ళు అదే రాశారు. ఆ గ్రంథిలో క్యాన్సరు ఉన్న చోటు గట్టిగా, పసుపుగా ఉంటుంది. అదంతా ఒక సీసాలో పోయింది. వాపు మాత్రమే ఉన్న మెత్తటి భాగమంతా రెండో సీసాలో పోయింది.

నేను అప్పుడైనా ఊరుకోవలసింది. ఊరుకోలేదు. మరి రెండింట్లోనూ తెల్ల కణాలున్నాయి కదా, అంత కాపలా ఉండగా అది ఎట్లా పెరిగింది, అది చెప్పమన్నాను. ఆమె మాటలో కూడా ఎక్కడన్నా తప్పు పట్టుకోవాలని ఉంది నాకు.

ఆమెకు కోపం రాలేదు. గుంపు చేరినంత మాత్రాన గెలిచినట్టు కాదంది. కొన్ని నిజంగానే జబ్బును కొరుకుతాయి. కొన్ని వచ్చి ఊరికే కూర్చుంటాయి. ఇంకొన్నింటి పని దెబ్బ తగిలిన చోట కండ పూడ్చడం, కొత్త నెత్తురు దారులు తెరవడం. అవి క్యాన్సరును కూడా మానని పుండు అనుకుని, దానికే కండా నెత్తురూ అందిస్తాయేమోనని ఈ మధ్య కొందరు రాస్తున్నారు. అందరూ ఒప్పుకున్న మాట కాదు, ఇంకా తేలలేదు, నేను చదివింది చెబుతున్నాను అంది. తేలలేదని ఒప్పుకున్న మొదటి డాక్టరు ఆమే. నాకు ఆమె మీద అనుమానం కొంచెం సడలింది అక్కడే.

ఆయన తల ఊపుతున్నాడు.

"కొమ్మ నరికిన చోట చెట్టు మాన్పుకుంటాదమ్మా. అక్కడ ముడి పడతాది. చెట్టుకి మంచిదే. గరిటె మాత్రం అక్కడే ఇరగతాది."

ఎక్స్‌రే తీశారు. ఆమె దాన్ని కిటికీకి ఆనించి చూపింది. వెన్నెముకలో రెండు చోట్ల సున్నం మరకల మాదిరి తెల్లగా ఉంది. ఆ తెలుపు మంచిది కాదని ఆమె చెప్పకముందే నాకు తెలిసింది. క్యాన్సరు ఎముకకు చేరింది. పూర్తిగా పోగొట్టలేము, కానీ దానికి మేత మగవాళ్ళ ఒంటిలో ఊరే రసం, అది ఊరే బీజాలు రెండూ తీసేస్తే చాలామందికి నొప్పి తగ్గుతుంది, కొన్నేళ్ళు నిలుస్తారు అంది. నెల్లూరు కాగితంలో రాసిన రెండో ఆపరేషన్ అదే. ఎనిమిది నెలల కిందటే చేయించి ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

బయటికి వచ్చాక ఆయన డిపో ముందు సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. కూతురు టీ తెస్తానని పోయింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఒళ్ళు నాది గదా. నాకు చెప్పక పోయినావే."

వాళ్ళు మోసం చేస్తారని భయపడ్డానని చెప్పాను. ఎవరి మీద అనుమానమని అడిగాడు. డాక్టరు మీద, కాంపౌండరు మీద, ల్యాబు మీద అన్నాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మూడు వేళ్ళ దగ్గర ఆగి, నాలుగో వేలు నా వైపు చూపించి మడిచాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

ఆపరేషన్ సంగతి కూతురు ఆయనతో ఎట్లా మాట్లాడాలా అని సిగ్గుపడుతుంటే ఆయనే తేల్చేశాడు. "మనవళ్ళు కూడా వచ్చేసినారు. ఇంక వాటికి నాతో ఏం పనుండాది, తీసేయమను." కూతురు టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు కనపడలేదు.

అంత జరిగినా ఆపరేషన్ కోసం నెల్లూరు పోయినప్పుడు నేను ఒక పని చేశాను. ఆయన్ను ఆసుపత్రిలో కూర్చోబెట్టి, ఒక్కదాన్నే ఆ ల్యాబుకు పోయాను. మా ఆయన కండ పెట్టి చూసిన గాజు పలకలు ఇంకా ఉన్నాయా, ఉంటే నాకు చూపించండి అన్నాను. లోపల ఉన్న డాక్టరు నడివయసు మనిషి, ముక్కు మీద కళ్ళద్దాలు. చూసి ఏం తెలుస్తుందమ్మా అన్నాడు. ఏమీ తెలియదు, అయినా చూడాలి అన్నాను. ఏమనుకున్నాడో, వెతికించి తెప్పించాడు.

పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక కన్ను మూసి చూడమన్నాడు. మొదట నా రెప్ప వెంట్రుకలే కనపడ్డాయి. తరువాత గులాబీరంగు నేల మీద నీలం చుక్కలు, అద్దకం చీర మాదిరి. ఆ నీలం చుక్కలే తెల్ల కణాలన్నాడు.

"తెల్లవంటిరి, నీలంగా ఉండాయే?"

కనపడడానికి రంగు వేస్తామన్నాడు. రంగు మీరే వేసి, ఆ రంగు చూసి మీరే జబ్బు చెప్తారా అని అడిగాను. ఆయన గట్టిగా నవ్వేశాడు. పక్కన ఇంకో పలక పెట్టి, జబ్బు లేని కండ ఎట్లా ఉంటుందో, ఉన్నది ఎట్లా ఉంటుందో రెండూ చూపించాడు. అందులో వరుసగా ఉన్నాయి, ఇందులో తోసుకుని ఉన్నాయి. ఆ తేడా మూడో తరగతి చదివిన కంటికి కూడా తెలిసింది. తోసుకుని ఉన్న వాటి చుట్టూ నీలం చుక్కలు, సంతలో గొడవ జరిగే చోట జనం మూగినట్టు మూగి ఉన్నాయి.

వీటిలో ఏది జబ్బును కొరికేది, ఏది మేపేది అని అడిగాను. ఈ చూపుతో చెప్పలేనమ్మా, అన్నింటిదీ ఒకే రూపం అన్నాడు. మరి ఆ గుంపు ముందు వచ్చిందా, జబ్బు ముందు వచ్చిందా అని అడిగాను. అదీ తెలియదన్నాడు. నేను చాలాసేపు కన్ను తీయలేదు. మునగాకూ గుడ్లూ పెట్టి నేను ఎనిమిది నెలలు పెంచాలని చూసింది ఈ గుంపునే. వాటిలో ఏవి ఎవరి పక్షమో తెలుసుకోకుండానే.

లేవబోతుంటే ఆయన ఒకటి అడిగాడు. ఈ ముక్కలు ఎవరు ఏరారు? మేము కూడా పెచ్చులు వచ్చినప్పుడు గట్టివి, పచ్చవి ముందు తీసి చూస్తాం, మాకు ఏరే పని లేకుండా వచ్చిన సీసా ఇదొక్కటే అన్నాడు. ఆ మాట మా ఇంటాయనకు పోయి చెప్పాను. మంచం మీద పడుకున్నవాడు సాయిబు నేర్పిన పని అని గర్వంగా పక్క మంచం ఆయనతో చెప్పుకున్నాడు.

కాంపౌండరుకూ ఆ ల్యాబుకూ ఏదో ఇచ్చిపుచ్చుకోవడం ఉందన్న నా అనుమానం తప్పు కాదని తరువాత వేరే దారిన తెలిసింది. ఉంది. కానీ వాళ్ళు రాసిన కాగితం మాత్రం నిజం. రెండూ ఒకే చోట ఉండవచ్చునని అంతకు ముందు నాకు తోచలేదు.

ఆపరేషన్ అయ్యాక అదే కాంపౌండరు మళ్ళీ ఒక సీసా తెచ్చాడు. పరీక్షకు అన్నాడు. ఎక్కడ ఇవ్వాలో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. నేను సీసా తీసుకుని, మూత తీయకుండా, చీరకొంగు కప్పకుండా, నెల్లూరు వీధిలో నలుగురూ చూస్తుండగా ఆ ల్యాబుకు నడిచాను. సీసా మీద ఆయన పేరూ నంబరూ నా కళ్ళ ముందే రాసి అంటించే దాకా కుర్చీలోంచి లేవలేదు. తూకం ఎంతో చదివి వినిపించమన్నాను. వినిపించారు. ఆ తూచే బుద్ధి మాత్రం పోలేదు, పోదు కూడా.

తిరిగి వచ్చాక ఆయన అడిగాడు. "ఏమే, ఈసారి పంచలేదా?"

లేదన్నాను.

"రెండే గదా ఉండేది, ఆడికొకటి ఈడికొకటి పంపేదానివి."

ఆ వార్డులో ముసలివాళ్ళంతా నవ్వారు. నేనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నెల తిరిగేసరికి నడుము నొప్పి చాలా తగ్గింది. కొండ ఎక్కలేదు గానీ మళ్ళీ పీట మీద కూర్చున్నాడు, బాడిస పట్టాడు. ఆ తరువాత మూడేళ్ళ చిల్లర ఉన్నాడు. ఎనిమిది నెలలు ముందయితే ఆ మూడు ఎన్ని అయ్యేవో నేను ఎవరినీ అడగలేదు. అడిగితే ఎవరన్నా చెబుతారేమోనని భయం.

మళ్ళీ పని మొదలుపెట్టిన రోజు పొద్దున కొయ్య దిగింది. ఆయన ఒక్కో ముక్కా గోరుతో నొక్కి రెండు గంపల్లోకి వేస్తున్నాడు. వంగడం కష్టంగా ఉందని నేను పక్కన కూర్చుని ముక్కలు అందించాను. చెయ్యి ఊరుకోక నేను కూడా గోరుతో నొక్కి చూస్తుంటే ఆయన వారించలేదు. నేర్చుకో, మంచిదే అన్నాడు. గంపలు రెండూ నిండాక, అలవాటుగా, ఇది వీళ్ళకు అది వాళ్ళకు అని నేనే చెప్పి లేవబోయాను. ఆయన నా చెంగు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఏరేది నువ్వు ఏరు. ఏది ఎవురికి పోవాల్నో మాత్రం నన్నడుగు."

అప్పటి నుంచి అడిగాను.